అరువు జనంతో నిండిన గుడి

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. నేను ఒక్క అబద్ధంతో ఒక గుడిని నిలబెడదామనుకున్నాను. లెక్క ప్రకారం నాదే తక్కువ పాపం. అయినా ఇన్నేళ్ళ తర్వాత కూడా అదే నన్ను వదలడం లేదు. కొత్తగా ఈ పనిలో చేరిన కుర్ర ఉపదేశులు నన్ను చూసిపోవడానికి వస్తుంటారు, "పెద్దాయన మంచి నిష్ఠాపరుడు" అని నలుగురికీ చెబుతుంటారట. ఆ మాట నాకు బాగానే ఉంటుంది, కాదనను. నిష్ఠ ఎక్కడ తప్పానో కూడా తెలిసి ఉంటే మీకే మేలని ఇది రాస్తున్నాను.

మా రోజుల్లో ఉపదేశి ఉద్యోగం ఎలా ఉండేదో ముందు రెండు ముక్కల్లో చెబుతాను. స్వామి, అంటే మా కతోలిక గురువు, పట్నంలో ఉంటాడు, నెలకొకసారి వచ్చి పూజ చేసి పోతాడు. మిగిలిన రోజులన్నీ గంట కొట్టేది, జపం చెప్పించేది, పిల్లల చేత అక్షరాలు దిద్దించేది, పోయినవాళ్ళను పూడ్చిపెట్టేది, మొగుడూపెళ్ళాల తగువులు తీర్చేది అంతా ఉపదేశే. మాది ఎర్రగుంట్ల వైపు. పెళ్ళయిన ఏడాదే నన్ను కోసిగికి మూడు కోసుల దూరాన ఉన్న ఒక పల్లెకు వేశారు. అప్పట్లో ఆ సీమ బళ్ళారి జిల్లాలో ఉండేది. సగం తెలుగు, సగం కన్నడం, వాన మాత్రం ఏ భాషలో పిలిచినా పలకదు.

ఆ పల్లెలో మావాళ్ళు ముప్పై ఇళ్ళవాళ్ళు. నేను పోయిన కొత్తలో బోదగడ్డి కప్పిన కొట్టం కింద జపం జరిగేది. ఆరేళ్ళు వాళ్ళ వెంటపడి గుడి కట్టించాను. ఆదివారం జపం కాగానే ఆడామగా గుట్టకు పోయి తలా ఒక రాయి నెత్తిన పెట్టుకుని వచ్చేవారు. నేల మీద పరచడానికి నాపబండలు మా వైపు నుంచి రైల్లో తెప్పించాను. ఇంటికొక బండ. ఎవరి బండను వాళ్ళే మోసి, వాళ్ళే చదును చేసి పరుచుకున్నారు. ఆనాటి నుంచి ఎవరు పరిచిన బండ మీద ఆ ఇంటివాళ్ళే కూర్చునేవారు. స్వామి వచ్చినా, పండగ వచ్చినా ఆ వరస మారేది కాదు. నేను బండ పరవలేదు. పరిచేవాళ్ళ మీద కేకలు వేశాను. జపం జరుగుతున్నంతసేపూ తలుపు పక్కన గంట తాడు దగ్గర నిలబడేవాణ్ణి.

గుడితో పాటే బడి. ఊరి బడిలో మా పేట పిల్లల్ని అరుగు ఎక్కనిచ్చేవారు కాదు. అందుకని గుడి పక్కన ఒక చిన్న మిద్దె వేసి నేనే పాఠాలు చెప్పేవాణ్ణి. ఆ చుట్టుపక్కల మా పిల్లలకు అదొక్కటే బడి. ఈ సంగతి మీరు మరిచిపోకూడదు, ఎందుకంటే నేను చేసిన వెధవ పని వెనుక ఉన్నది అదే.

రెండో యుద్ధం మొదలైన రోజుల్లో మాకు కొత్త స్వామి వచ్చాడు. కోస్తా వైపు తెలుగువాడు, ముప్పై దాటలేదు, సన్నగా ఉండేవాడు, పుస్తకం లేకుండా బండి ఎక్కేవాడు కాదు. ఫ్రెంచి చదవగలడు. ఒకసారి పూజ అయ్యాక బడి అరుగు మీద కూర్చుని, నా భార్య పెట్టిన జొన్నరొట్టె తింటూ, ఫ్రాన్సులో ఒక పండిత గురువు రాసిన పుస్తకం గురించి నాకు చెప్పాడు.

"శ్రీసభ అంటే ఏమిటని అడిగితే మీరు పిల్లలకు ఏం నేర్పుతారు?" అన్నాడు.

నేను తడుముకోకుండా చెప్పాను. పైన రోములో ఉండే పాపుగారు, ఆయన కింద మేత్రాణులు, అంటే బిషప్పులు, వాళ్ళ కింద స్వాములు, వాళ్ళ చెప్పుచేతల్లో జ్ఞానస్నానం పొందిన జనం. ఉపదేశులను నేనే మధ్యలో ఇరికించాను.

"అది నిచ్చెన. ఆయన నిచ్చెనను కాదనడు," అన్నాడు స్వామి. "కానీ నిచ్చెన కంటే ముందు అది ఒక ఒళ్ళు అంటాడు, క్రీస్తు ఒళ్ళు. ఎవడి మోక్షం వాడు ఒక్కడే మూట కట్టుకుని పోయే దారి లేదంటాడు. పోతే అందరం కలిసే పోవాలి. ఒక్క మనిషి ఏ మూలనో కూర్చుని జపం చేసినా అందులో అందరూ ఉన్నట్టే. గోడ అవతల ఉన్నవాళ్ళు కూడా మనకు పరాయివాళ్ళు కారు."

"స్వామీ, ఆ పండితుడికి మా కోసిగి సీమలో ఒక ఏడాది ఉద్యోగం ఇప్పించండి," అన్నాను. "లేనివాళ్ళు ఉన్నట్టే అని జాబితాలో రాస్తే మన పెద్ద ఆఫీసులో ఒప్పుకుంటారా?"

ఆయన నవ్వి ఊరుకున్నాడు. నేనే గెలిచానని నా భార్యతో గొప్పగా చెప్పుకున్నాను.

ఆ పై ఏడు వాన లేదు. దాని పై ఏడు కూడా లేదు. కొర్ర మొలవలేదు, జొన్న మోకాలెత్తు కూడా రాకుండానే ఎండిపోయింది. ఆ సీమలో ఇలాంటప్పుడు జనం సుగ్గికి పోతారు. సుగ్గి అంటే కోతల కాలం. నీళ్ళున్న చోట కోతలు మొదలవుతాయని సిరుగుప్ప వైపుకు పిల్లాజెల్లా, కుండాచట్టీ ఎత్తుకుని నడిచిపోతారు. ఆ ఏడు ఒక్క వారంలో మా ముప్పై ఇళ్ళకూ తడికలు కట్టేశారు. పిల్లలను ఆడించడానికి ముసలివాళ్ళు కూడా పోయారు. మిగిలింది ఒక్క అవ్వ. ఆమెకు మోకాళ్ళు నడవనివ్వవు, కళ్ళు మసక. కొడుకు పోతూ పోతూ నా చేతులు పట్టుకుని "సూస్తాండు ఉపదేశయ్యా" అన్నాడు. నా భార్య రోజూ ఆమెకు రొట్టె ఇచ్చి వచ్చేది.

జనం లేకపోయినా నేను గంట కొట్టడం మానలేదు. సాయంత్రం గంట వినగానే అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చేది. ఒక్కొక్క బండ దగ్గరా ఆగి, వంగి, చేత్తో తడిమి ఏదో గొణిగేది. ముప్పై బండలూ అయ్యేసరికి దీపం పెట్టే వేళ అయ్యేది. ముసలామెకు మతి చలించిందనుకున్నాను. ఏం గొణుగుతోందో ఒక్కనాడూ దగ్గరికి పోయి వినలేదు. ఇంటింటికీ తిరిగి మనుషుల మాట వినడమే నా ఉద్యోగం, చూడండి.

సరిగ్గా అప్పుడే పెద్ద ఆఫీసు నుంచి జాబు వచ్చింది. మా స్వాములందరికీ పైవాడైన మేత్రాణివారు గుడిని అభిమంత్రించడానికి వస్తున్నారు. అదే రోజు అక్కడి ముప్పై కుటుంబాలనూ కళ్ళారా చూస్తారు. బడి ఖాళీగా ఉందనీ ఊళ్ళో జనమే లేరనీ ఎవరో చెప్పారట. అది నిజమే అయితే మా పల్లెను ఆదోని గుడి కింద కలిపేసి, బడిని మూసి, నన్ను వేరే చోటికి పంపుతారు.

జనం వలస పోయారని, రెండు నెలలు వాయిదా వెయ్యమని నేను రాయవచ్చు. రాయలేదు. ఆరేళ్ళు కేకలు వేసి కట్టించిన గుడి ఖాళీగా ఉందని నా చేత్తో నేను రాయడమా? పోతే ప్రాణం పోనీ, పరువు దక్కాలి అనుకునే వయసు. స్వామికి కూడా చెప్పలేదు. చెబితే ఆయన నిజం చెప్పమంటాడని నాకు తెలుసు.

వాగు పక్క ఊళ్ళో ప్రొటెస్టెంటు కుటుంబాలు చాలా ఉండేవి. తాతల కాలం నుంచి వాళ్ళకు అక్కడ సొంత గుడి ఉంది. బావుల కింద కాస్త పంట ఉండటం వల్ల వాళ్ళు సుగ్గికి పోలేదు. ఆ సంఘపు పెద్ద నాకు మంచి స్నేహితుడు. పోయి నా గోడంతా వెళ్ళబోసుకున్నాను.

"మీ గుళ్ళో మేం కూసుంటే మా పాస్టరు ఊరుకుంటాడా అప్పా?" అన్నాడు.

"కూర్చుంటే చాలు. నమ్మమని అడగడం లేదు."

ఆయన కాసేపు గడ్డం గీరుకున్నాడు. "మా మనవరాళ్ళు గూడా నీ బడికే వస్తాండారు. బడి పోతే మాకూ నష్టమే. వస్తాంలే. పాట మటుకు మేము గొంతు దాసుకోని పాడలేం, ముందే చెప్తాండా."

మూడు సాయంత్రాలు వాళ్ళ ఊరికి పోయి సిలువ గుర్తు వేసుకోవడం, మోకరించడం నేర్పాను. కుడిభుజం ముందా ఎడమభుజం ముందా అన్నది చివరిదాకా వాళ్ళకు కుదరలేదు. నేను మాత్రం గట్టి ధైర్యంతో ఉన్నాను. అన్నీ చూసుకున్నాను, అందరికీ చెప్పాను. చెప్పనిది ఒక్క బండి తోలే మనిషికి. మా ఊరి దూదేకుల పెద్దాయన ఆయన, దూది ఏకడం లేని రోజుల్లో బండి కట్టేవాడు. కోసిగి స్టేషను నుంచి మేత్రాణివారిని తీసుకురమ్మన్నాను. అంతే. దారిలో అడిగితే ఏం చెప్పాలో ఆయనకూ నేర్పాలని నాకు తోచలేదు.

ఆ రోజు పొద్దున్నే అరువు జనం వచ్చి బండల మీద కూర్చున్నారు. గుడి నిండింది. చూడముచ్చటగా ఉంది. అప్పుడు అవ్వ గుర్తొచ్చింది. మేత్రాణివారి ముందు ఆమె బండలు తడుముతూ గొణిగితే గుట్టు రట్టవుతుంది. ఆమె గుడిసెకు పోయి చెప్పాను.

"అవ్వా, ఈ రోజు లోపల శానా మంది ఉన్నారు. నువ్వు బడి అరుగు మీద కూర్చో. పూజ అయ్యాక నేనొచ్చి పిలుస్తా."

ఆమె ముఖం ఒక్కసారిగా వెలిగింది. "మనోళ్ళు వచ్చినారా నాయనా?"

"వచ్చినారు," అన్నాను.

ఆ అబద్ధం ఇదే. నా భార్య పక్కనే ఉంది. "ఏమయ్యా, ఉన్న ఒక్క మనిషినీ బయట కూసోబెట్టి యెవురికి సూపిస్తావు గుడి?" అంది. నేను వినిపించుకోలేదు. కోపం వచ్చింది కూడా.

బండి వచ్చింది. మేత్రాణివారితో పాటు మా స్వామి కూడా అందులోనే వచ్చాడు. మేత్రాణివారు పొడుగైన మనిషి, తెల్లగడ్డం, గ్రంథాల్లో నేర్చుకున్న తెలుగు. దిగగానే నన్ను ఒకసారి చూసి గుడి వైపు నడిచారు. ఆయన వెనకే దూదేకుల పెద్దాయన దిగుతూ నా చెవిలో సంతోషంగా చెప్పాడు. "దొర శానా మంచోడు. ఊరి సంగతి అంతా అడిగినాడు. జనం అందురూ సుగ్గికి పోయినారు, ఊరు బోసిపోయిందని అంతా చెప్పినా."

మేత్రాణివారు అప్పటికే లోపలికి పోయి నీళ్ళు చిలకరిస్తున్నారు. నేను పోయి గంట తాడు పట్టుకున్నాను, ఇంకేం పట్టుకోవాలో తెలియక.

పూజ మొదలైంది. మోకరించాల్సిన చోట సగం మంది లేచి నిలబడ్డారు. పాట వచ్చినప్పుడు మాత్రం పైకప్పు లేచిపోతుందేమో అన్నట్టు పాడారు. అలాంటి పాట ఆ గుళ్ళో మునుపెన్నడూ వినలేదు. మేత్రాణివారు కళ్ళు మూసుకుని విన్నారు. ప్రసంగానికి లేచిన మా స్వామి కాగితం విప్పి, తల ఎత్తి జనాన్ని చూసి ఆగిపోయాడు. ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ చివరికి తలుపు పక్కనున్న నా మీద చూపు ఆపాడు. ఆ చూపుకు నేను తల దించుకున్నాను. ఆయన కాగితం మడిచి లోపల పెట్టుకున్నాడు.

"ఈ వేళ ఇక్కడ లేనివాళ్ళను ముందు తలుచుకుందాం," అన్నాడు మెల్లగా.

అప్పుడే తలుపు దగ్గర కర్ర చప్పుడయింది. నన్ను దాటుకుని అవ్వ లోపలికి వచ్చేసింది. మనోళ్ళు వచ్చినారని చెబితే ఏ తల్లి అరుగు మీద కూర్చుంటుంది? నేరుగా కొడుకు బండ దగ్గరికి పోయి, అక్కడ కూర్చున్న మనిషి ముఖం రెండు చేతులతో తడిమింది. ఆ మనిషి నా స్నేహితుడైన సంఘపెద్ద.

"నువ్వు నా కొడుకువు కాదు కదప్పా," అంది.

"కాదవ్వా," అన్నాడు ఆయన.

పక్క బండ తడిమింది. అక్కడా పరాయి మనిషే. తర్వాత ఏమనుకుందో, ఏ సాయంత్రమైనా మొదలుపెట్టినట్టే మొదటి బండ నుంచి మొదలుపెట్టింది. ఆ రోజు మాత్రం ప్రతి మాటా నాకు వినిపించింది.

"ఇది బాయికాడి ఇంటోళ్ళది దేవరా. సిరుగుప్ప కాడ ఉండారు, సల్లంగ సూడు. ఇది యాపమాను ఇంటోళ్ళది. కోడలు నిండునెలల్లో నడిసిపోయింది, సుకంగా కననీ. ఇది కుంటాయన ఇల్లు. వాడు వంగి కోత కొయ్యలేడు, వాణ్ణి ఎవురూ తిట్టకుండా సూడు."

మేత్రాణివారు కుర్చీలోంచి లేచి ఆమె దగ్గరికి వచ్చారు. "అవ్వా, నీవు ఏమి చేయుచున్నావు?"

"రోజూ చేసేదే దొరా. వాళ్ళు ఈడికి రాలేరు కదా, పొద్దుగూకేదాకా కోస్తాంటారు. వాళ్ళ జపం నేను చెప్పకపోతే ఎవురు చెప్తారు?"

సంఘపెద్ద లేచి నిలబడ్డాడు. ఆయన్ను చూసి మిగతావాళ్ళూ లేచారు. "తప్పయిపోయినాదవ్వా. మేం లేసి పోతాం," అన్నాడు.

"యాడికి పోతారప్పా? కూసోండి. యెవురి బండ మీద కూసున్యారో వాళ్ళ కోసరం ఒక మాట చెప్పండి. నాకు ఒక్కదానికే గొంతు పోతాండాది."

వాళ్ళు కూర్చున్నారు. ఆమె ఇంటి గుర్తు చెప్పడం, ఆ బండ మీది మనిషి తనకు వచ్చిన మాటల్లో ప్రార్థించడం. కుడిభుజమా ఎడమభుజమా అన్న గొడవ లేదు. మా స్వామి పూజబల్ల దగ్గరే మోకరించి ఉన్నాడు. గోడ అవతలివాళ్ళ గురించి ఆయన చెప్పిన పండితుడి మాట నాకు గుర్తొచ్చింది. నేను అరువు తెచ్చిన జనాన్ని ఆమె ఒక్క మాటతో సొంతం చేసుకుంది.

ముప్పై బండలూ అయ్యాయి. ఆమె తలుపు వైపు తిరిగింది.

"ఇంగొకటుండాది దొరా, ముప్పై ఒకటోది. ఉపదేశయ్య ఇల్లు. ఆయప్పకు బండ లేదు, ఆ గంట తాడు కాడ నిలబడతాడు. రోజూ కడాకు ఆయన మాట గూడా చెప్తా. ఈ పొద్దు ఆయన ఈడ లేడు. యాడికో పోయినాడు. వస్తాడులే."

నేను ఆమెకు నాలుగడుగుల దూరంలో తాడు పట్టుకుని నిలబడి ఉన్నాను. కళ్ళు కనపడక అందో, కనపడే అందో నాకు ఇప్పటికీ తెలియదు.

మేత్రాణివారు మా స్వామి వైపు తిరిగి, "ముప్పది యొక్క కుటుంబములు. వ్రాసికొనుడు," అన్నారు. బడి అలా నిలిచింది.

పూజ అయ్యాక ఆయన ముందు మోకరించి క్షమించమన్నాను. "ముందు ఆ అవ్వను అడుగుము. తరువాత నా వద్దకు రమ్ము," అన్నారు. పోయాను. ఆమె బడి అరుగు మీద కూర్చుని ఉంది. కొంగు ముడి విప్పి రొట్టె తీసి నా చేతిలో పెట్టింది.

"మనోళ్ళు వచ్చినారంటివి కదా నాయనా. నా కొడుక్కని తినకుండా పెట్టుకున్యా. నువ్వన్నా తిను."

చాలా చావులు చూసిన మనిషిని, చాలామందిని నా చేతులతో పూడ్చాను. అంతలా ఎప్పుడూ ఏడవలేదు.

మేత్రాణివారు మర్నాడు తిరుగు రైలు ఎక్కలేదు. దూదేకుల పెద్దాయన బండిలోనే సిరుగుప్ప వైపు పోదామన్నారు. పూజకు కావలసిన అభిమంత్రించిన రాతిపలకను ఒళ్ళో పెట్టుకుని నేను ముందు కూర్చున్నాను. దారిలో మా స్వామి పుస్తకం తెరవలేదు. "ఆ పండితుడికి మీ సీమలో ఉద్యోగం ఇప్పించమన్నారు కదా," అన్నాడు ఒకసారి. "ఆయన పుస్తకంలో రొట్టె సంగతి ఉందా స్వామీ?" అన్నాను. "లేదు," అన్నాడు. కోతకొచ్చిన పొలం గట్టున, ఎద్దులబండి మీద పలక పెట్టి పూజ చేశారు. మావాళ్ళు కొడవళ్ళు పక్కన పెట్టుకుని, ఎవరూ చెప్పకుండానే, గుళ్ళో కూర్చునే వరసలోనే మట్టిలో కూర్చున్నారు. యాపమాను ఇంటి కోడలు ఆడపిల్లను కన్నది. అవ్వ కొడుకు తల్లికని ఒక చిన్న బియ్యం మూట ఇచ్చాడు.

నాలుగో రోజు సాయంత్రానికి నేను ఊరు చేరాను. కాళ్ళు కూడా కడుక్కోకుండా పోయి గంట కొట్టాను. అవ్వ వచ్చింది. బియ్యం మూట ఇవ్వబోతే "ఉండు నాయనా" అని ఆపి, మొదటి బండ దగ్గరికి పోయింది. ఈసారి ఆమె వెనకే నేనూ నడిచాను, ఒక్కొక్క ఇంటి మాటా ఆమెతో కలిసి చెప్పాను. ముప్పై అయ్యాయి. ఆమె తలుపు దగ్గరికి వచ్చి గంట తాడు తడిమింది, అక్కడ ఎవరూ లేరు. వెనక్కి తిరిగి చెయ్యి చాపితే నా భుజం దొరికింది. కాసేపు దాన్ని అలా పట్టుకుంది.

"ఉపదేశయ్య ఇల్లు," అంది. "వచ్చినాడు దేవరా."